ఐబీఎస్సా, కొలైటిసా? మలాన్ని బట్టి తెలుస్తుందా?

ప్రశ్న: నా వయసు 34. ఏడాదిగా కొన్నాళ్లు మోషన్ ఉండలు కట్టి గట్టిగా, కొన్నాళ్లు నీళ్లలా అవుతోంది. తెల్లటి జిగట కూడా పడుతోంది. డాక్టర్ ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పేగులో వాపు, పుండ్లు లేకుండానే మోషన్ తేడా చేసే సమస్య) అన్నారు. కానీ మా అక్కకూ మొదట్లో ఇలాగే ఉండి, చివరికి అల్సరేటివ్ కొలైటిస్ అని తేలింది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. మలం చూసి తేడా చెప్పొచ్చా?

జవాబు: కంటితో కొంత, ల్యాబ్‌లో చాలావరకు తెలుస్తుందండి. మామూలు మలంలో దాదాపు ముప్పావు వంతు నీళ్లే. మిగతాది బ్యాక్టీరియా, అరగని పీచు, కాస్త కొవ్వు, పేగు పొర నుంచి రాలిన కణాలు. మలం పెద్దపేగులో ఎక్కువసేపు నిలిచిపోతే నీరు ఇంకిపోయి ఉండలవుతుంది, త్వరగా కదిలిపోతే నీరు పీల్చుకునే టైమ్ దొరక్క పలచనవుతుంది. ఐబీఎస్‌లో ఎక్కువగా కనిపించేది ఈ నీటి పాళ్ల తేడానే. ఇక జిగట అంటారా, పేగు తన గోడలకు రోజూ పూసుకునేదే అది. ఐబీఎస్‌లో కాస్త ఎక్కువ పడుతుంది. రక్తం లేకుండా అదొక్కటే పడితే హడలిపోనక్కర్లేదు.

కొలైటిస్‌లో అలా కాదు. పేగు లోపలి పొర వాచి పుండ్లు పడతాయి కాబట్టి జిగటతో పాటు రక్తం, చీము కూడా వస్తాయి. అక్కడికి చేరిన తెల్ల రక్తకణాల నుంచి కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ మలంలోకి దిగుతుంది. దాన్ని కొలిచే పరీక్ష ఉంది, మీరు అడగాల్సింది అదే. గ్రాము మలంలో 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే పేగు వాపు ఉండే అవకాశం చాలా తక్కువ. కాస్త ఎక్కువ వస్తే మాత్రం అదే జబ్బని తేల్చేసుకోవద్దు, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వాడినా, పేగుకు ఇన్ఫెక్షన్ సోకినా అది పెరుగుతుంది. అప్పుడు మళ్లీ చేయిస్తారు, బాగా ఎక్కువుంటే కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) అంటారు.

పాలు పడనివాళ్ల మలం పుల్లగా, ఆమ్లంగా ఉంటుంది, అరగని లాక్టోజ్ (పాలలోని చక్కెర) పులిసిపోవడం వల్ల. క్లోమం సరిగా పనిచేయకపోతే కొవ్వు అరగక మలం పాలిపోయి, జిడ్డుగా, భరించలేని వాసనతో వస్తుంది, ఎన్ని నీళ్లు పోసినా ఓ పట్టాన పోదు. మీరు చెప్పినదాంట్లో ఇవేవీ కనిపించట్లేదు.

అక్కకు ఉంది కాబట్టి మీకు వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువే, అందుకే ఈ పరీక్ష ఒకసారి చేయించుకోవడం మంచిది. రక్తం పడినా, నిద్రలోంచి లేచి మోషన్‌కి పరుగెత్తాల్సి వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా రిపోర్టు కోసం ఆగకుండా డాక్టర్‌ని కలవండి. అక్క మందులు మాత్రం మీరు వేసుకోకండి.