ఇంగ్లండ్ సబర్బ్‌లో కాపురం: పలకరింపుకి ఏదో ఒక పని ఉండాలి

"లండన్ బయట, ఎక్కువగా ఇంగ్లీషు వాళ్ళే ఉండే వీధిలో ఇల్లు చూస్తున్నాం. ఒంటరిగా అనిపిస్తుందా? మనవాళ్ళున్న చోటే తీసుకోవడం మంచిదా?" అని ఒకరు అడిగారు.

ఒంటరితనం మనిషిని బట్టి ఉంటుంది. నాకు తెలిసింది మా వీధి, అదే చెప్తాను.

మేము ఉండేది లండన్‌కి పడమర, రీడింగ్ అనే ఊరి పక్కన లోయర్ ఎర్లీలో. 1970ల చివర్లో మొదలుపెట్టి, పొలాలన్నీ కొని వేల ఇళ్ళు కట్టారు. అప్పట్లో ఐరోపాలోనే పెద్ద ప్రైవేటు వెంచర్లలో ఇదొకటని ఇక్కడి పాతవాళ్ళు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఇటుక ఇళ్ళు, ముందు కారు పట్టేంత జాగా, వెనక చిన్న గార్డెన్, వీధి చివరికి వెళ్తే దారి ఉండదు. అడ్రసులో రీడింగ్ అనే ఉంటుంది, కౌన్సిల్ ట్యాక్స్ (మన ఇంటి పన్ను లాంటిది) మాత్రం పక్కనున్న వోకింగ్‌హామ్ కౌన్సిల్‌కి కట్టాలి. ఆ ట్యాక్సు లెక్క ఇంకా విడ్డూరం. మీ ఇల్లు 1991 ఏప్రిల్‌లో అయితే ఎంత పలికేదో దాన్ని బట్టి వేస్తారు. ముప్పై ఏళ్ళు దాటిపోయినా అదే లెక్క. మన మునిసిపాలిటీలని తిట్టుకునేవాళ్ళు ఒకసారి ఇది చూడాలి.

వచ్చిన కొత్తలో ఎవరికైనా ముందు కనిపించేది, వీధిలో మనుషులు కనిపించకపోవడం. డిసెంబరులో నాలుక్కి ముందే చీకటి పడుతుంది. కారు వస్తుంది, లైటు ఆరుతుంది, తలుపు పడుతుంది, అంతే. వారానికి ఒక్క రాత్రి మాత్రం అందరూ బయటికొస్తారు, బిన్లు పెట్టడానికి. ఈ వారం నల్ల బిన్నా, రీసైక్లింగా అని ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. అందరూ మొదటి ఇంటి వాళ్ళది ఏదో చూసి అదే పెడతారు. వాళ్ళు తప్పు పెడితే వీధి వీధంతా తప్పే.

దీన్ని చూసే మనవాళ్ళు "ఇంగ్లీషు వాళ్ళు ముభావం" అని తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. మనకి పలకరించడమే ఒక పని. వాళ్ళకి ఏదో ఒక పని చేతిలో ఉంటే తప్ప పలకరింపు రాదు. పార్సిల్ తీసుకోవడమో, మంచు ఎత్తడమో, కుక్క తప్పిపోవడమో, ఏదో ఒకటి కావాలి. మాకు యూనిస్ తుఫాను ఆ పని పెట్టింది.

2022 ఫిబ్రవరి 18, శుక్రవారం. దక్షిణాన ఐల్ ఆఫ్ వైట్ దీవి దగ్గర గాలి గంటకి 196 కిలోమీటర్ల వేగం అందుకున్న రోజు అది. లండన్‌లో ఓ2 డోమ్ అనే పెద్ద గుడారం లాంటి హాలు పైకప్పు గుడ్డ చిరిగినట్టు చిరిగిపోవడం టీవీలో చూపిస్తూనే ఉన్నారు. మా ఆవిడ డెలివరీకని తెనాలి నుంచి వచ్చిన అమ్మ వంటింటి కిటికీ దగ్గర నిలబడి "ఇదేం గాలివానరా, వానే లేదు? ఉప్పెన ఏడాది మా ఇంటి పెంకులన్నీ లేచిపోయాయి" అంటోంది. ఆవిడ ఆ మాట అంటుండగానే మా ఫెన్స్ (రెండిళ్ళ మధ్య కంచె) ప్యానెళ్ళు ఒకదాని వెనక ఒకటి లేచి పక్కింటి వాళ్ళ గులాబీల మీద పడ్డాయి. సిమెంటు స్తంభాలు మాత్రం మిగిలాయి.

మర్నాడు పొద్దున్నే పక్కింటాయన బెల్ కొట్టాడు. రిటైరైన మనిషి. అప్పటిదాకా మా ఇద్దరి మధ్య నడిచిందల్లా "మార్నింగ్" ఒక్కటే. చేతిలో ప్లాస్టిక్ ఫైలు. అందులో ఇళ్ళు కట్టినప్పటి దస్తావేజు నకలు, సరిహద్దు గీత మీద చిన్న ఇంగ్లీషు టీ అక్షరం. ఆ టీ ఎవరి స్థలం వైపు ఉంటే ఫెన్స్ బాధ్యత వాళ్ళది. అది మా వైపు ఉంది. ఇబ్బంది పెడుతున్నానని సారీ చెప్పి, గాలికి సారీ చెప్పి, గుమ్మంలో చలి గాలి లోపలికొస్తోందని ఇంకో సారీ చెప్పి, ఈ మధ్యలోనే ఫెన్స్ మాదేనని మృదువుగా అప్పజెప్పేశాడు. వెళ్తూ వెళ్తూ "నా దగ్గర పనిముట్లన్నీ ఉన్నాయి, ఇద్దరం కలిసి వేసుకుందాం" అన్నాడు.

మా నాన్న వైపు వాళ్ళు చేనిగట్టు దగ్గర మూరెడు జాగా కోసం రెండు తరాలు కోర్టు చుట్టూ తిరిగారు. ఈయన పది నిమిషాల్లో తేల్చేసి ఇంటికెళ్ళి టీ తాగాడు.

ఇక్కడో మాట. "ఎడమవైపు ఫెన్స్ మనది, కుడివైపుది పక్కవాళ్ళది" అని మనవాళ్ళు ఒకరికొకరు తెగ చెప్పుకుంటారు. ఇంగ్లండ్‌లో అలాంటి చట్టమేమీ లేదు. ఇల్లు కొనేముందు సొలిసిటర్‌ని, అంటే కాగితాలు చూసే లాయర్ని, పాత దస్తావేజు నకలు అడిగి తీసుకోండి. అందులో టీ గుర్తు ఉంటే సరే. ఒక్కోసారి అదీ ఉండదు.

పని మొదలుపెడదామంటే ప్యానెళ్ళు దొరకలేదు. ఒకే రోజు దక్షిణ ఇంగ్లండ్‌లో సగం ఫెన్సులు పడినట్టున్నాయి, ఏ షాపుకెళ్ళినా స్టాక్ లేదు. ఫెన్సింగ్ చేసే అతనికి ఫోన్ చేస్తే ఈస్టర్ తర్వాత చూద్దామన్నాడు. అలా వారాల తరబడి రెండు గార్డెన్లు ఒకటైపోయాయి.

అమ్మకి అంతకన్నా ఏం కావాలి? చీర మీద స్వెట్టరు, దాని మీద శాలువా, తలకి మంకీ క్యాప్ పెట్టుకుని దొడ్లోకి వెళ్ళిపోయేది. అటునుంచి ఆయన భార్య వచ్చేది. ఈవిడ తెలుగు ఈవిడది, ఆవిడ ఇంగ్లీషు ఆవిడది, ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. వసంతం రాగానే వాళ్ళ దొడ్లో రూబార్బ్ లేచింది. ఎర్రటి కాడలు, పైన ఏనుగు చెవులంత ఆకులు. కాడ కొరికి చూసి పులుపు తగలగానే అమ్మ మొహం వెలిగిపోయింది. గోంగూర లెక్క ప్రకారం ఆకులు కోయడం మొదలుపెట్టింది. ఆ పెద్దావిడ "నో, నో, నో!" అంటూ పరిగెత్తుకొచ్చి చేతిలోంచి లాక్కుని ఆకులన్నీ బిన్‌లో పడేసింది. రూబార్బ్ ఆకు విషం, కాడ ఒక్కటే తినాలి. వాళ్ళేమో దాన్ని చక్కెర పోసి ఉడికించి స్వీటులో వేసుకుంటారు. అమ్మ ఆ కాడలతో కందిపప్పు చేసింది, ఎండుమిరపకాయలు వేయించి పచ్చడి నూరింది. నిజం చెప్పాలంటే పప్పు గోంగూర పప్పుకి దగ్గరగానే వచ్చింది, పచ్చడి రాలేదు. పక్కింటాయన మాత్రం ఆ పచ్చడే బ్రెడ్ మీద రాసుకుని తిని, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, ఖాళీ సీసా కడిగి తెచ్చిచ్చాడు.

చివరికి ప్యానెళ్ళొచ్చాయి. స్తంభాల గాడుల్లోకి పైనుంచి దించాలి. నేను పట్టుకుంటే ఆయన స్పిరిట్ లెవెల్ పెట్టి ప్రతిదీ మూడేసి సార్లు చూశాడు. "మళ్ళీ ఎందుకురా ఈ తడికలు" అని అమ్మ సణిగింది. విజిటర్ వీసా ఆరు నెలలే కాబట్టి ఆ వేసవిలోనే తెనాలి వెళ్ళిపోయింది. ఏటా రూబార్బ్ మాత్రం మా గుమ్మంలోకి వస్తూనే ఉంది.

అందుకే నా సలహా, పాత వీధిలో, రిటైరైనవాళ్ళ పక్కన తీసుకోండి. మనవాళ్ళు ఎక్కువగా ఉండే కొత్త ఎస్టేట్లలో గార్డెన్ అంటే చాప పరిచినంత. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగాలకి పోతారు, పార్కింగ్ దగ్గర తగాదాలు, పైన ఏటేటా పెరిగే మేనేజ్‌మెంట్ చార్జీలు. మనవాళ్ళే కదా అని వెళ్తే రెండు వారాల ముందు మెసేజ్ పెట్టి రమ్మంటారు.

పాత వీధిలో ఒక బాధ ఉంది, వాట్సాప్ గ్రూపు. హెలికాప్టర్ ఎందుకు తిరుగుతోంది, ఎవరి పిల్లి ఇది, అపరిచితుడు ఎవరో బెల్ కొట్టాడు అని రోజంతా మోగుతుంది. ప్రతి దీపావళికీ ఒకరు మా కుక్క భయపడుతోందని మొదలుపెడతారు. ఇక్కడి చట్టం ప్రకారం మామూలు రోజుల్లో టపాసులు రాత్రి పదకొండు వరకే. నవంబరు 5న వీళ్ళు మంటలు వేసి టపాసులు కాల్చే బోన్‌ఫైర్ నైట్‌కి అర్ధరాత్రి వరకు, దీపావళికి ఒంటిగంట వరకు! ఆ రూలు గ్రూపులో పెట్టాను, ఒకాయన థంబ్స్ అప్ కొట్టాడు, మిగతావాళ్ళు మళ్ళీ పిల్లి గురించి మాట్లాడుకున్నారు.

ఇక మనవాళ్ళు దగ్గర్లో లేకపోతే ఎలా అన్న దిగులు అక్కర్లేదు. లోయర్ ఎర్లీ నుంచి 21 నంబరు బస్సు ఎక్కితే రీడింగ్ టౌన్. కరివేపాకు, కందిపప్పు దొరుకుతాయి, గుడి విట్లీ స్ట్రీట్‌లో ఉంది. ఆదివారం మాత్రం జాగ్రత్త. పెద్ద సూపర్‌మార్కెట్లు ఆరు గంటల సేపే తెరిచి ఉంచుతారు, 1994 నుంచీ అదే రూలు. సాయంత్రం చుట్టాలొచ్చాక పాలు అయిపోయాయంటే మూల మీద చిన్న కొట్టే గతి, రేటు కూడా కొంచెం ఎక్కువే ఉంటుంది.