తండ్రి రిటైరయితే కొడుకు మెడికెయిడ్ పోతుందా?

ప్రశ్న: మేం అమెరికా పౌరులం. మా అబ్బాయికి 31 ఏళ్లు, పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. ఇన్నాళ్లూ ఎస్‌ఎస్‌ఐ (తక్కువ ఆదాయమున్న వికలాంగులకు, వృద్ధులకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం), దాంతోపాటు మెడికెయిడ్ (తక్కువ ఆదాయమున్నవారికి ప్రభుత్వ వైద్య బీమా) వచ్చేవి. నేను రిటైరై సోషల్ సెక్యూరిటీ పింఛను మొదలవగానే, నా ఉద్యోగ రికార్డు మీద వాడికీ నెలనెలా డబ్బు వస్తోంది. ఆదాయం పెరిగిందని ఎస్‌ఎస్‌ఐ ఆపేశారు. వచ్చే నెల 1 నుంచి మెడికెయిడ్ కూడా రద్దని నోటీసు వచ్చింది. ఇంటికొచ్చే అటెండెంట్ ఖర్చు మెడికెయిడే ఇస్తోంది. ఇప్పుడు ఏం చేయాలి?

జవాబు: ముందు ఒకటో తేదీలోపు 'ఫెయిర్ హియరింగ్' (రద్దు నిర్ణయంపై అప్పీలు విచారణ) కావాలని రాసివ్వండి. నిర్ణయం వచ్చేదాకా మెడికెయిడ్ కొనసాగించమని అందులోనే అడగండి. రద్దు అమలయ్యే తేదీకి ముందే అడిగితే సాధారణంగా సేవలు ఆపకూడదు. ఆ తర్వాత కూడా హియరింగ్ అడగొచ్చు కానీ, ఈ రక్షణ దక్కకపోవచ్చు. ఫోన్లో చెప్పి ఊరుకోకండి, అందినట్టు రుజువు ఉంచుకోండి. ఓడిపోతే ఈ మధ్యకాలపు ఖర్చు రాష్ట్రం తిరిగి అడిగే వీలుంది. మీరు చెప్పిన వివరాలను బట్టి దానికి జంకాల్సిన పనిలేదు.

ఎందుకంటే సోషల్ సెక్యూరిటీ చట్టం సెక్షన్ 1634(సి) ఇలాంటివాళ్ల కోసమే ఉంది. 22 ఏళ్లు నిండకముందే వైకల్యం మొదలై, 18 దాటిన వ్యక్తికి తల్లి లేదా తండ్రి రికార్డు మీద డబ్బు వచ్చి, ఆ కారణంగానే ఎస్‌ఎస్‌ఐ పోతే, మెడికెయిడ్ లెక్కలో ఆ డబ్బును పక్కన పెట్టాలి. 1987 జూలై 1 నుంచి ఈ నిబంధన వర్తిస్తోంది. ఆఫీసులో మాత్రం చాలాసార్లు 'ఎస్‌ఎస్‌ఐ ఆగింది' అన్న ఒక్క ముక్కే చూసి రద్దు చేసేస్తారు. అందుకే మీ అర్జీలో 'డిజేబుల్డ్ అడల్ట్ చైల్డ్ (చిన్ననాటి నుంచి వైకల్యమున్న, పెద్దయిన సంతానం), సెక్షన్ 1634(సి)' అని స్పష్టంగా రాసి, ఎస్‌ఎస్‌ఐ ఆపిన ఉత్తరం, కొత్త బెనిఫిట్ మంజూరు ఉత్తరం రెండూ జతచేయండి.

ఒక షరతు ఉంది. ఆ డబ్బును పక్కన పెడితే అబ్బాయి ఎస్‌ఎస్‌ఐకి అర్హుడిగానే ఉండాలి. అంటే అతని పేరిట లెక్కలోకొచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. ఇప్పుడు నెలనెలా వచ్చేది ఖర్చుకాకుండా ఖాతాలో పేరుకుంటే గెలిచే కేసూ పోతుంది. మిగిలేది ఏబుల్ అకౌంట్లో (వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న ప్రత్యేక పొదుపు ఖాతా) వేయండి. అందులో లక్ష డాలర్ల వరకు ఎస్‌ఎస్‌ఐ లెక్కలోకి రాదు. బంధువులెవరూ ప్రేమకొద్దీ అతని పేరున నేరుగా డిపాజిట్లు వేయకుండా చూడండి.

'24 నెలలు పోతే మెడికేర్ (వృద్ధులకు, వికలాంగులకు ఉండే మరో ప్రభుత్వ వైద్య బీమా) వస్తుందిగా' అని ఎవరైనా సర్దిచెబితే వినకండి. మెడికేర్ వచ్చేమాట నిజమే, కానీ రోజువారీ అటెండెంట్ ఖర్చు అది భరించదు. రెండూ ఉండాలి.

అడగలేదు గానీ, పెళ్లి ఆలోచన ఉంటే ముందు లాయర్‌ని కలవండి. పెళ్లయితే చాలా సందర్భాల్లో మీ రికార్డు మీద వచ్చే డబ్బు ఆగిపోతుంది.

ఫీజు భారమైతే, వైకల్యం ఉన్నవారి హక్కుల కోసం ప్రతి రాష్ట్రంలో 'ప్రొటెక్షన్ అండ్ అడ్వొకసీ' సంస్థ ఉంటుంది. నోటీసు కాపీతో ఈ వారమే సంప్రదించండి.