మా చెల్లెలు ఆశ్రమంలో చేరింది, ఎలా బయటికి తేవాలి?

ప్రశ్న: మా చెల్లెలు, మరిది కొంతకాలంగా ఒక గురువుగారి సత్సంగంలో తిరుగుతున్నారు. తెల్లబట్టలే కడుతున్నారు. ఉల్లి, వెల్లుల్లి మానేశారు. తెల్లవారుజామున మూడింటికే లేచి జపం. నాన్నగారి ఆబ్దికానికి రమ్మంటే ‘అవన్నీ మాకు లేవు’ అంది. గురువుగారు చెప్పారని ఎనిమిదేళ్ళ వాళ్ళ బాబుకి ఫిట్స్ మాత్రలు కూడా ఆపేశారట. నాన్న ఇచ్చిన స్థలం ఆశ్రమానికి రాసేస్తానంటోంది. నేను గట్టిగా నిలదీశాక నా ఫోన్ ఎత్తడం లేదు. అమ్మతో మాత్రం అప్పుడప్పుడు మాట్లాడుతోంది. అన్నయ్యేమో నలుగురిని వెంటేసుకెళ్ళి లాక్కొస్తానంటున్నాడు. ఏం చెయ్యాలి? – ఒక అక్క, తెనాలి

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి చూడండి. మిగతావి నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదు, ఇది ఆగదు. ఫిట్స్ మందులు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఏళ్ళ తరబడి ఫిట్స్ రాని పిల్లలకైనా డాక్టరే చూసి, మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ‘వాళ్ళ నమ్మకం వాళ్ళది’ అన్న మాట ఇక్కడ చెల్లదు. మత స్వేచ్ఛ ఇచ్చిన రాజ్యాంగం 25వ అధికరణమే ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి ఆ స్వేచ్ఛ ఉంటుందని చెప్పింది. పైగా ఆ నమ్మకం బాబు ఎంచుకున్నది కాదు.

మీరు కాకుండా అమ్మగారు వెళ్తే మంచిది. గురువుగారి గురించి ఒక్క మాట కూడా ఎత్తవద్దనండి. ‘జపం చేసుకోండి, బాబుకి మాత్ర కూడా వెయ్యండి, ఒక్కసారి డాక్టరుగారికి చూపిద్దాం’ అంటే చాలు. మాత్రలు మళ్ళీ ఏ మోతాదులో మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. ఎంత చెప్పినా వాళ్ళు వినకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చెయ్యండి. సొంత చెల్లెలి మీద ఫిర్యాదా అని మీకు బాధగా ఉంటుంది, నాకు తెలుసు. అయినా చెయ్యండి. ఈలోగా ఫిట్ వచ్చి అయిదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గకముందే ఇంకొకటి వచ్చినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలని అమ్మగారికి, ఆ ఇంటి చుట్టుపక్కల వాళ్ళకి చెప్పి ఉంచండి.

ఇక తెల్లబట్టలు, ఉల్లి, మూడింటి జపం. వీటిని మీ ఫిర్యాదుల్లోంచి తీసేయండి. మండలం రోజులు నల్లబట్టలు కట్టి, నేలమీద పడుకుని, చెప్పుల్లేకుండా తిరిగే అయ్యప్ప స్వాములకు మనం దండం పెడతాం. అలవాటైంది భక్తిలా, అలవాటు లేనిది పిచ్చిలా కనిపిస్తుంది, అంతే. కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన పిల్లలు ముగ్గురు, జాతీయగీతం వస్తుంటే గౌరవంగా నిలబడేవారు కానీ తమ విశ్వాసం ఒప్పుకోదని పాడేవారు కాదు. బడి నుంచి పంపేస్తే 1986లో సుప్రీంకోర్టు వాళ్ళ పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ నమ్మకం మనకు నచ్చాలన్న షరతేమీ పెట్టలేదు. ఆబ్దికానికి రాకపోవడం మీ మనసుకి గుచ్చుకుంది, అది సహజం. కానీ అందులో ఎవరికీ హాని లేదు.

హాని ఎక్కడ మొదలవుతుందో నమ్మకం తీరు చూసి చెప్పలేం. అమెరికాలో జిమ్ జోన్స్ పెట్టిన పీపుల్స్ టెంపుల్ మొదట్లో నల్లవాళ్ళను, తెల్లవాళ్ళను ఒకే చోట కూర్చోబెట్టిన చర్చి. వృద్ధులను, పేదలను ఆదుకుంది. చూసినవాళ్ళకు ముచ్చటేసేది. తర్వాత ఆస్తులు, పెన్షన్లు సంస్థకు ఇచ్చేయడం మొదలైంది. మనుషుల్ని దక్షిణ అమెరికాలోని గయానా అడవుల్లోకి తీసుకుపోయి పాస్‌పోర్టులు దాచేశారు. వెళ్ళిపోతామన్నవాళ్ళు ద్రోహులయ్యారు. 1978 నవంబరు 18న అక్కడ 900 మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో దాదాపు మూడో వంతు పిల్లలు. ప్రతి ఆశ్రమమూ అలా అవుతుందని నేను అనడం లేదు, దయచేసి అలా చదువుకోవద్దు. మీ చెల్లెలు ఏం నమ్ముతోందని కాదు, అక్కడ ‘కాదు’ అనగలదా అని మాత్రం కనుక్కోండి. ఒక వారం సత్సంగానికి వెళ్ళకపోతే ఏమవుతుంది? జీతం ఎవరి చేతికి పోతోంది? మానేసినవాళ్ళ గురించి అక్కడ ఎలా మాట్లాడతారు? మీ ఫోన్ ఎత్తకపోవడం తన కోపమా, వాళ్ళు పెట్టిన నియమమా? మీరు నిలదీసిన తర్వాతే మానేసిందని మీరే రాశారు కాబట్టి, అది వట్టి కోపమే కావచ్చు.

స్థలం తనదైతే ఇచ్చుకునే హక్కూ తనదే. కానీ మనసు మీద పట్టున్నవాళ్ళు ఆ పట్టుతో రాయించుకున్న కాగితాన్ని కోర్టులో సవాలు చేయవచ్చు. గురుశిష్యుల మధ్య జరిగే దానాల విషయంలో కోర్టులు ఇది జాగ్రత్తగా చూస్తాయి. అమ్మగారి చేత ఒక్కటే అడిగించండి: ఒక ఏడాది ఆగి రాయమని. ఆగితే పుణ్యం తగ్గిపోతుందని అటువైపు నుంచి తొందరపెడితే, అది మీరు గట్టిగా పట్టించుకోవాల్సిన విషయం. కాగితాల గురించి ఉచితంగా సలహా కావాలంటే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100.

అన్నయ్యను మాత్రం ఆపండి. మీ చెల్లెలు, మరిది ఇద్దరూ పెద్దవాళ్ళు. బలవంతంగా లాక్కొస్తే అది నేరం. ‘మీ వాళ్ళే మీకు శత్రువులు’ అని అక్కడ ఎవరైనా నూరిపోస్తుంటే, దాన్ని మీ చేతులారా నిజం చేసినట్టవుతుంది. మీరు తనకి చిన్న మెసేజ్ పెట్టండి, ‘కోప్పడ్డాను, ఇక గురువుగారి గురించి వాదించను, బాబుని చూడాలని ఉంది’ అని. జవాబు రాకపోయినా పండక్కి, బాబు పుట్టినరోజుకి పెడుతూనే ఉండండి. రేపెప్పుడైనా తనకే బయటికి రావాలనిపిస్తే చేతిలో డబ్బు, కాగితాలు, వెళ్ళడానికి ఒక ఇల్లు ఉండాలి. తన ఆధార్, సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకం ఎవరి దగ్గర ఉన్నాయో అమ్మగారి చేత మెల్లగా కనుక్కోమనండి.