ఎంబీఏ చేయాలంటే బీకామ్ ఉండాలా? లోపల ఏం చదివిస్తారు?

బీకామ్ అక్కర్లేదండి. ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు, ఇంజనీర్లు, సాహిత్యం చదివినవాళ్లు, చివరికి డాక్టర్లు కూడా చేరుతుంటారు. మార్కుల పత్రాలు, సిఫార్సు లేఖలు, ఒకటో రెండో వ్యాసాలు, ఇంటర్వ్యూ మామూలే. చాలా చోట్ల జీమ్యాట్ లేదా జీఆర్ఈ అనే ప్రవేశ పరీక్ష స్కోరు అడుగుతారు. ఇప్పటి జీమ్యాట్‌లో 64 ప్రశ్నలు, టైమ్ 2 గంటల 15 నిమిషాలు, స్కోరు 205 నుంచి 805 దాకా, 5 ఏళ్లు చెల్లుతుంది.

ఉద్యోగ అనుభవం అన్నిచోట్లా తప్పనిసరి కాదు. కానీ కనీసం రెండు మూడేళ్లు పనిచేసి వెళ్తేనే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ సగం చదువు కేస్ స్టడీల మీద, అంటే కంపెనీలకు ఎదురైన సమస్యల కథనాల మీద, వాదించుకోవడమే, ఆఫీసు మొహం చూడనివాళ్లకి ఆ చర్చలో చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు.

రెండేళ్ల కోర్సయితే మొదటి ఏడాది అందరికీ దాదాపు ఒకటే: అకౌంటింగ్, ఫైనాన్స్, మార్కెటింగ్, ఆపరేషన్స్, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, మనుషులతో పని చేయించడం గురించి ఒక పేపర్. లెక్కలు వదిలేసి చాలాకాలమైనవాళ్లకి అకౌంటింగ్, స్టాటిస్టిక్స్ దగ్గరే టెన్షన్ మొదలవుతుంది, కాబట్టి డెబిట్ క్రెడిట్లు, బ్యాలెన్స్ షీట్ చదవడం, ఎక్సెల్ ముందే నేర్చుకుని వెళ్లండి. మధ్యలో సెలవుల్లో ఇంటర్న్‌షిప్. రెండో ఏడాది ఎక్కువగా మీరు ఎంచుకునే సబ్జెక్టులే. ఏడాది కోర్సుల్లో ఇదంతా కుదించేస్తారు, చాలావాటిలో ఇంటర్న్‌షిప్‌కి టైమే ఉండదు, రంగం మారాలనుకునేవాళ్లు ఇది చూసుకోవాలి.