శిక్షకు ముందు చూసుకోవలసినవి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఎనిమిదో తరగతి పిల్లలు నీ మాట లెక్కచేయడం లేదనీ, మందలిస్తే ఎదురు చెబుతున్నారనీ, ఎలాంటి శిక్ష వేస్తే దారికొస్తారో చెప్పమనీ రాశావు. పిల్లలు మునుపటికన్నా మొండికేస్తున్నారన్న మాట నిజమే కావచ్చు. అయితే మా తరం బడులలో కనిపించిన నిశ్శబ్దంలో సగం బెత్తానికి భయపడినదే కాబట్టి, దాన్ని కొలతగా పెట్టుకుని దిగులుపడకు.

శిక్ష దగ్గర మొదలుపెడితే అప్పటికే ఆలస్యమైనట్టు లెక్క. జేకబ్ కూనిన్ అనే అమెరికా పరిశోధకుడు తరగతి గదుల వీడియోలను పరిశీలించి 1970లో చెప్పిన సంగతి ఇదే. అల్లరి జరిగాక మందలించే తీరులో సమర్థులైన టీచర్లకూ మిగతావారికీ చెప్పుకోదగ్గ తేడా ఆయనకు కనిపించలేదు. అల్లరిని మొదట్లోనే పసిగట్టడంలోనూ, పాఠాన్ని కుంటుపడకుండా నడపడంలోనూ తేడా కనిపించింది.

కాబట్టి ముందు నీ పీరియడు మొదలయ్యే తీరును చూసుకో. పిల్లలు లోపలికి వచ్చేసరికి చేయవలసిన చిన్న పని బోర్డు మీద రాసి ఉంటే, నువ్వు హాజరు తీసుకుంటున్నంతసేపూ వాళ్ల చేతులు ఖాళీగా ఉండవు. బోర్డు మీద రాసేటప్పుడు తరగతికి పూర్తిగా వీపు పెట్టకుండా పక్కకు తిరిగి నిలబడి, వాక్యానికోసారి వెనక వరుసల దాకా చూపు పోనివ్వు. గుసగుసలు మొదలైన చోటికి పాఠం ఆపకుండానే నడిచి వెళ్లి, ఆ బెంచీ పక్కనే నిలబడి మరో రెండు వాక్యాలు చెప్పు. చాలాసార్లు పేరు పెట్టి పిలవవలసిన అవసరమే రాదు.

అందరికన్నా ఎక్కువ విసిగించే పిల్లవాడు ఏ సమయంలో విసిగిస్తున్నాడో గమనించావా? పైకి చదవమన్న ప్రతిసారీ ఏదో ఒక జోకు వేసి క్లాసును నవ్వించేవాడికి ఒక్కోసారి అసలు చదవడమే సరిగ్గా రాదు. వాణ్ని బయటికి పంపితే నీ దృష్టిలో అది శిక్షే కానీ, పదిమందిలో తడబడే అవమానం తప్పింది కనుక వాడు రేపు కూడా అదే పని చేస్తాడు. ఇలాంటివాడికి ఏ పేరా చదవాలో ముందురోజే చెప్పి, విడిగా ఒకసారి చదివించి, మర్నాడు క్లాసులో ఆ పేరానే చదవమను. చదువులో వెనకబాటును అలాగే వదిలేసి ప్రవర్తన ఒక్కటే బాగుపడాలని పెద్దలు ఎలా ఆశిస్తారో నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

ఎదురు చెప్పినప్పుడు అందరి ముందూ వాదనకు దిగకు. ఆ వయసులో తోటివాళ్ల ఎదుట తలవంచడం కన్నా శిక్ష పడటమే నయమనిపిస్తుంది. పైగా తొందరపాటును అదుపుచేసే మెదడు ముందుభాగం ఇరవయ్యేళ్లు దాటేవరకూ పూర్తిగా పరిణతి చెందదు. గొంతు తగ్గించి, "కూర్చో, గంట కొట్టాక మాట్లాడదాం" అని చెప్పి, కూర్చున్నాడా లేదా అని కళ్లప్పగించి చూడకుండా పాఠంలోకి వెళ్లిపో. గంట కొట్టాక మాత్రం తప్పక మాట్లాడాలి, లేకపోతే నీ మాటకు విలువ ఉండదు.

శిక్ష అవసరమైతే చిన్నదే చాలు, కానీ చెప్పినది చెప్పినట్టు జరగాలి, బాగా చదివేవాళ్లకు మినహాయింపు ఉండకూడదు. ఒకడి తప్పుకు తరగతి మొత్తాన్ని నిలబెడితే, అప్పటిదాకా నీ పక్షాన ఉన్నవాళ్లు కూడా అటు చేరిపోతారు. చెయ్యి చేసుకోవడం, ఇంటి పరిస్థితులు ఎత్తి దెప్పడం పూర్తిగా మానాలి. బడిలో క్రమశిక్షణ పిల్లల మానవ గౌరవానికి భంగం కలగని రీతిలో ఉండాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 28వ అధికరణం చెబుతోంది. కొట్లాటలు, బెదిరింపులు, ఒకరిని గుంపుగా వేధించడం నీ ఒక్కదానివల్ల తేలేవి కావు కనుక ఆ రోజే ప్రధానోపాధ్యాయులకు రాతపూర్వకంగా తెలియజేయి.

ఓ వారం రోజులపాటు, అల్లరి జరిగిన ప్రతిసారీ అది ఏ పీరియడో, అంతకుముందు నువ్వేం చేయిస్తున్నావో, ఆ తర్వాత ఆ పిల్లవాడికి ఏం దక్కిందో ఒక నోటుపుస్తకంలో రాసి నాకు పంపు. అవి చూశాక ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ పాత మాస్టారు