కలంకారీ చీరకు ధర కట్టేముందు

మేనల్లుడికి ఆశీస్సులు.

గుడ్డ, రంగులు, కలం పట్టిన రోజుల కూలి కలిపి చీర రేటు చెబుతున్నావట. నీళ్ల పని రోజులు ఎక్కడికి పోయాయి? కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరబెట్టడం, ఎరుపు పట్టేందుకు పటిక పెట్టాక ఆరనివ్వడం, ఏట్లో ఉతకడం, ఎరుపుకు ఉడకబెట్టడం, మళ్లీ ఉతకడం. రోజుకు 800 అనుకుంటే, 9 రోజులు కలం పని, 4 రోజులు నీళ్ల పని ఉన్న చీరకు కూలి 10,400. నువ్వు వేసుకునేది 7,200. నాలుగు చీరలు ఒకేసారి ఉడికిస్తే మాత్రం ఆ రోజును నాలుగింటికీ పంచెయ్యి, కొనేవాళ్ల మీద అన్యాయంగా వెయ్యకు.

పాడయ్యే చీర ఖర్చు కూడా బాగున్న చీరలే మోయాలి. పాలు తక్కువైతే రంగు గీత దాటి పాకుతుంది. కసిమి (ఇనుము, బెల్లం ఊరబెట్టిన నల్లరంగు) మరీ ఘాటైతే కొన్నేళ్లకు నల్లగీత వెంటే గుడ్డ చిరుగుతుంది. తొట్టిలో నిలవనీళ్లలో ఉతికితే ఊడిన పటిక పక్కన అంటుకుని, వద్దన్నచోట ఎరుపెక్కుతుంది. పారే నీళ్లే కావాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా శ్రీకాళహస్తిలో వానలు. గుడ్డ ఆరదు. ఆ నెలల్లో ఇస్తానని మాట ఇవ్వకు; కాగితం మీద కొత్త బొమ్మలు వేసుకో. ఏడాది ఇంటిఖర్చును 365తో కాదు, ఎండ ఉన్న పనిరోజులతో భాగిస్తేనే నీ అసలు కూలి తేలుతుంది.

చెక్క అచ్చులతో అద్దే పెడన చీర రేటు చూపి బేరమాడితే అచ్చుకూ కలానికీ తేడా ఒకసారి చెప్పు. రెండోసారి అక్కర్లేదు.

ఆర్డరుతోపాటే సగం తీసుకో. చిన్న పరిశ్రమల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్‌లో పేరు నమోదు చేసుకో, ఆధార్‌తో ఉచితమే. అది ఉంటే సరుకు కొన్న దుకాణం 45 రోజులు దాటి బాకీ పెట్టకూడదు. గడువు రాసుకోకపోతే 15 రోజులే. దాటితే వడ్డీ కట్టాలి. అయితే 'అమ్ముడయ్యాక ఇస్తాం' అని సరుకు ఉంచుకునేవాళ్లు ఇంకా కొన్నట్టు కాదు. వాళ్ల దగ్గర చీరల ఫొటోలు, ధర, వెనక్కిచ్చే తేదీ ఉన్న రసీదు తీసుకో.

అన్నిటికన్నా ఎక్కువ పోయేది నువ్వు గీసిన బొమ్మ హక్కు దగ్గర. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న బొమ్మ మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు వేయించుకున్నవాళ్లదే. రేపు దాన్ని ప్రింటు వేసుకున్నా నువ్వు అడగలేవు. అందుకే పని మొదలెట్టకముందే 'అమ్మేది ఈ చీర ఒక్కటే, బొమ్మ హక్కు నాది' అని రాసి సంతకం పెట్టించు. ప్రింటు హక్కు అమ్మదలిస్తే ఎన్నేళ్లకో, ఎక్కడెక్కడో, ఎంతకో రాయించు. ఏళ్లు రాయకపోతే చట్టం 5 ఏళ్లుగా, చోటు రాయకపోతే భారతదేశం వరకే లెక్కిస్తుంది. ఆ రేటు చీర రేటులో కలపకు, వేరే బిల్లు వెయ్యి.

మీ మామయ్య