చేపతోలుతో బ్యాగులు చేస్తానంటోంది... ఏ కోర్సులో చేర్పించాలి?

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర పల్లె. చేపల చెరువులు చేస్తాం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది చదువుతోంది. చేపతోలుతో పర్సులు, చెప్పులు తయారుచేసే వీడియోలు చూసి, అదే చదువుతానని పట్టుబట్టింది. బంధువులేమో ‘ఆడపిల్లకి తోళ్ల పనేంటి’ అంటున్నారు. అసలు దీనికి చదువుందా? అన్నం పెడుతుందా? – ఒక తండ్రి

జవాబు: బంధువుల సంగతి ముందు తేల్చేద్దాం. ఆ మాట వెనక ఉన్నది కులం లెక్కే తప్ప కెరీర్ లెక్క కాదు. చెన్నై అడయార్‌లో 1948 నుంచి కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ నడుస్తోంది. అక్కడ ఉద్యోగం వస్తే ఇదే బంధువులు సైంటిస్టు అని గొప్పగా చెప్పుకుంటారు.

మీ అమ్మాయి చూసింది గాలి కబురు కాదు. రష్యా, చైనా సరిహద్దులోని ఆమూర్ నది ఒడ్డున నానాయ్ జనం ఒకప్పుడు చేపతోలు బట్టలే కట్టుకునేవారు. ఇవాళ బ్రెజిల్‌లో పిరారుకు అనే పెద్ద చేప తోలుతో ఖరీదైన బ్యాగులు చేస్తున్నారు. చేపతోలు పల్చగా ఉన్నా తేలిగ్గా చిరగదు. ఒక పొరలోని నారలు పక్క పొర నారలకు అడ్డంగా పరుచుకుని ఉండటమే కారణం. పొలుసు ఊడిన చోట మిగిలే గళ్ల వల్ల చూడ్డానికి పాముతోలులా ఉంటుంది. పాముల్ని చంపితే కేసు. చెరువు చేపకి ఆ తంటా లేదు.

చిక్కు తోలు దొరకడంలో ఉంది. అది నాకంటే మీకే బాగా తెలుసు. మీ శీలావతి, బొచ్చె ఐసు పెట్టుకుని చేప పళంగా లారీ ఎక్కి అస్సాం, బెంగాల్ పోతాయి. అక్కడ ముక్కలు కొట్టి, తోలుతో సహా పులుసు పెట్టుకుంటారు. మరి తోలు పదునుచేసే టానరీకి మిగిలేదేంటి? ముల్లు, తోలు తీసి ఫిల్లెట్లు చేసే యూనిట్ల దగ్గరే పచ్చితోలు పోగుపడుతుంది. పైగా ఆ తోలుకి పోటీ కూడా ఉంది. తోల్లోని ప్రొటీన్ కొలాజెన్‌ని, దాన్నుంచి వచ్చే జెలటిన్‌ని తీసేవాళ్లకీ అదే కావాలి. ఐస్‌లాండ్‌లో కాడ్ చేపతోలుతో గాయాలకు వేసే పట్టీలు చేసే కెరెసిస్ అనే కంపెనీని 2023లో సుమారు 130 కోట్ల డాలర్లకు కొన్నారు. పర్సులమ్మి అంత సంపాదించినవాళ్లు నాకు తెలిసి లేరు!

అందుకే ‘చేపతోలు’ అనే ఒక్క మాట పట్టుకుని డిగ్రీ ఎంచుకోవద్దు. తోలు పదును చేయడం నేర్పే లెదర్ టెక్నాలజీ బీటెక్ చెన్నై అన్నా యూనివర్సిటీలో ఉంది కానీ దానికి మ్యాథ్స్ కావాలి. బైపీసీతో ఆ తలుపు మూసుకున్నట్టే. ఆమెకి రెండు దారులున్నాయి. బ్యాగు కుట్టడం, డిజైన్ మీద మోజైతే ఫ్యాషన్ చదువుల సంస్థ నిఫ్ట్‌లో లెదర్ డిజైన్ (చెన్నైలో ఉంది), లేదా చెప్పులు, తోలు వస్తువుల డిజైన్ నేర్పే హైదరాబాద్ ఎఫ్‌డీడీఐ. వీటికి ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. తోలు ఎలా మారుతుందన్న కెమిస్ట్రీ మీద, చేప మీద ఆసక్తి అయితే నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ, అంటే మత్స్యశాస్త్ర డిగ్రీ. ఎప్‌సెట్ బైపీసీ ర్యాంకుతో సీటొస్తుంది. చేపల ప్రాసెసింగ్ కూడా అందులో చెబుతారు. చెరువులున్న ఇల్లు కాబట్టి నా ఓటు దీనికే. చేపతోలు వ్యాపారం కుదరకపోయినా హేచరీ, మేత కంపెనీ, ఎగుమతి యూనిట్, ప్రభుత్వ మత్స్యశాఖ అన్నీ తెరిచే ఉంటాయి.

ఆమెకి ఏది ఇష్టమో తేలాలంటే వంటింట్లో ఒక పని చేయించండి. పొలుసు గీకిన శీలావతి తోలు ఒకటి ఒలిపించండి. లోపలి మాంసం చెంచాతో పూర్తిగా గీకేసి, గిన్నెలు తోమే సబ్బుతో కడిగి జిడ్డు వదిలించాలి. నీచు వాసన ఎక్కువగా ఆ కొవ్వు వల్లే వస్తుంది. తర్వాత పాలు పోయని టీ డికాక్షన్ పూర్తిగా చల్లార్చి అందులో వేయాలి. వేడిగా ఉంటే తోలు వేపుడు ముక్కలా ముడుచుకుపోతుంది. మొదట పల్చటి డికాక్షన్, రెండు మూడు రోజులకోసారి చిక్కనిది మార్చుతూ, రోజూ కలుపుతూ ఉండాలి. అంచు కోసి చూస్తే లోపలిదాకా గోధుమ రంగు ఎక్కాలి. ఇంకా తెల్లటి గీత కనిపిస్తే పని అవలేదన్నమాట. రంగెక్కాక కొంచెం నూనె రాసి, నీడలో ఆరేస్తూ మధ్యమధ్యలో చేతులతో లాగుతుండాలి. లాగకపోతే అప్పడంలా బిరుసెక్కుతుంది. పాతకాలం టానరీల్లో తంగేడు చెక్క, కరక్కాయ చేసిన పనే ఇక్కడ టీ చేస్తుంది.

ఇందులో ఆమె ఎక్కడ విసుక్కుందో గమనించండి. గీకడం, కడగడం ఓపిగ్గా చేసి, ‘తెల్ల గీత ఎందుకు పోలేదు?’ అని తవ్వి అడిగితే బీఎఫ్‌ఎస్సీ. అదంతా ఎలాగో ముగించి, కత్తెర పట్టుకుని ఏం కుట్టాలా అని కూర్చుంటే డిజైన్. అలాగైతే ఆలస్యం చేయకండి. నిఫ్ట్ దరఖాస్తులు ఇంటర్ పరీక్షలకు ముందే, చలికాలంలో అయిపోతాయి.